పెట్టెలో ఉన్నవి తీరిన అప్పులే

పాత కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతయ్య బెజవాడ రైలింజన్ల లోకోషెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయి, చివరికి డ్రైవర్‌గా రిటైరయ్యారు. 1991లో పోయారు. ఇంట్లో పిల్లల కోసం ఆయన గురించి చిన్న పుస్తకం రాద్దామనుకుంటున్నాను. ఆయన ఉద్యమాల్లో లేరు, జైలుకెళ్లలేదు. డైరీ సంగతి అటుంచి ఒక్క ఉత్తరం కూడా లేదు. ట్రంకు పెట్టెలో దొరికినవి సర్వీసు కాగితాలు, 1987లో షష్టిపూర్తి నాటి ఫొటో, దారంతో కట్టిన ప్రామిసరీ నోట్ల కట్ట, అంతే. కాగితాల ప్రకారం 1943లో చేరారు, పుట్టిన తేదీ 1-7-1924. నాయనమ్మేమో ఆయన ప్రభవ నామ సంవత్సరంలో పుట్టారనేది. ఏది రాయను? నోట్ల సంగతి ఎత్తితే పెదనాన్న "తాతని అప్పులవాడిగా చూపిస్తావా" అని మండిపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు పెదనాన్నగారి కోపం తీర్చేద్దాం. గుంటూరులో రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు, నోట్లు రాసి బతికినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. అప్పు తీసుకున్నవాడు నోటు రాసిస్తే అది ఎవరి దగ్గర ఉంటుంది? అప్పిచ్చినవాడి దగ్గర. అసలూ వడ్డీ పూర్తిగా తీరాకే వెనక్కి వస్తుంది. ఇచ్చేటప్పుడు స్టాంపు మీద సంతకం కొట్టేసో, ఆ ముక్క చించేసో ఇస్తారు. మీ కట్ట విప్పి ఒక్కో నోటూ చూడండి, సంతకం చోట గీతో చిరుగో కనబడుతుంది. మీ పెట్టెలో ఉన్నది తాతయ్య తీర్చిన అప్పుల కట్ట. తీరకపోయి ఉంటే అవి ఈపాటికి వేరే ఎవరి మనవరాలి చేతిలోనో ఉండేవి. ఇది పెదనాన్నగారికి చెప్పి చూడండి, ముందుమాట తానే రాస్తానంటారు.

ఆయన చేతిరాత ఒక్క ముక్క కూడా లేదనుకుంటున్నారేమో, నోటు తిరగేయండి. ప్రామిసరీ నోటు మీద కోర్టుకెక్కడానికి గడువు మూడేళ్లు. ఈలోగా కొంత సొమ్ము కట్టి, వెనకాల చెల్లు, అంటే ఇంత కట్టినట్టు ఒక ముక్క, రాసి సంతకం చేస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ చెల్లు బాకీదారు చేతే రాయించేవాళ్లం, ఎందుకంటే రేపు కోర్టుకెక్కితే నిలబడాలి కదా. "ఈ నోటు కింద అసలు వడ్డీలకు చెల్లు రూ. 15-0-0" లాంటి ముక్క తాతయ్య చేత్తో రాసింది దొరకొచ్చు. అలా మూడు అంకెలుంటే రూపాయలు, అణాలు, పైలు అన్నమాట. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి గానీ జనం ఆ తర్వాత కూడా అణాలు వదల్లేదు, అందుకని అంకెలతోపాటు తేదీ కూడా చూసుకోండి.

చెల్లు తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. నెల మొదట్లో పడ్డవి జీతం డబ్బులోంచి కట్టినవై ఉంటాయి. మధ్యలో ఏడాదిపాటు ఒక్క చెల్లూ పడలేదంటే ఆ ఏడు ఇంట్లో ఏదో జరిగింది: పెళ్లో, పురుడో, జబ్బో. నోటు రాసిన తేదీని మేనత్తల పెళ్లిళ్లతో సరిచూడండి. నా బల్ల దగ్గరికి నోటు రాయించుకోడానికి వచ్చిన ఉద్యోగస్తుల్లో ఎక్కువమంది మాఘమాసం ముందే వచ్చేవారు! సాక్షి సంతకాలు కూడా వదలకండి. నోటుకు సాక్షులు చట్టప్రకారం అక్కర్లేకపోయినా పెట్టించేవాళ్లం. ఒకే పేరు పదేపదే కనిపిస్తే ఆయన తాతయ్యకు ప్రాణస్నేహితుడో, షెడ్డులో తోటివాడో అయ్యుంటాడు. వాళ్ల పిల్లల్ని పట్టుకోండి, మీకు లేని ఫొటోలు వాళ్లింట్లో ఉండొచ్చు.

పుట్టిన తేదీ విషయంలో నేను నాయనమ్మ పక్షం. ప్రభవ 1927 ఉగాదితో మొదలై 1928 ఉగాది ముందు రోజు దాకా నడిచింది. అదే పేరు తిరిగొచ్చింది 1987లో, మీవాళ్లు షష్టిపూర్తి చేసిందీ అప్పుడే. సర్వీసు లెక్కే నిజమైతే 1984లోనే పీటల మీద కూర్చునేవారు. నాయనమ్మ లెక్కన ఉద్యోగంలో చేరేనాటికి ఆయనకు పదహారు దాటలేదు. పద్దెనిమిది నిండినట్టు చూపించడానికి ఎవరో మూడేళ్లు కలిపి రాయించి ఉంటారని నా ఊహ. జూలై 1 చూసినా అనుమానం వస్తుంది. పుట్టినరోజు తెలియని పిల్లలకు అప్పట్లో బడి పంతుళ్లు వేసే తేదీ అది. ఆ మూడేళ్ల బాకీ చివర్లో తీర్చుకున్నారు: యాభై ఎనిమిదేళ్ల లెక్కన 1982లో, ఇంకా ఓపిక ఉండగానే, ఇంటికి పంపేసి ఉంటారు. రెండు తేదీలూ రాయండి, ఈ కథతో సహా.

ఒక పేజీ షెడ్డుకివ్వండి. ఆయన చేరినప్పుడు అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీది. 1944లో ప్రభుత్వం తీసుకుంది, 1951లో సదరన్ రైల్వే అయింది, 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ వచ్చింది. ఈలోగా బెజవాడ మద్రాసు నుంచి విడిపోయి 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. తాతయ్య మాత్రం అదే క్యారియర్ పట్టుకుని డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు.

మేనత్తల్ని "తాతయ్య ఎలాంటివారు" అని అడక్కండి. "దేవుడమ్మా" అంటారు, కథ అక్కడితో సరి. అర్ధరాత్రి డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ పుస్తకం పట్టుకుని తలుపు కొడితే లేచేదెవరు, బొగ్గుమసి బట్టలు ఎవరు ఉతికేవారు, లైను మీద నుంచి వస్తూ పిల్లలకేం తెచ్చేవారు అని అడగండి.

ప్రశ్న: మా ముత్తాత ఒంగోలు దగ్గర పొలం అమ్ముకుని గుంటూరు వచ్చారట. పాత కాగితంలో "గుంటూరు జిల్లా, ఒంగోలు తాలూకా" అని ఉంది. తప్పు రాశారా? దస్తావేజు కాపీ ఇప్పుడు మాకిస్తారా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సరిగ్గానే రాశారు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో, అక్కణ్ణుంచి 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. తర్వాత ఒంగోలు జిల్లా విడిగా ఏర్పడింది, 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకం నుంచి ఫీజు కడితే ఎవరైనా నకలు తీసుకోవచ్చు, వారసులమని రుజువు చూపనక్కర్లేదు. ఆ పల్లె ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలోదో కనుక్కుని వెళ్లండి. నంబరు తెలియకపోతే ఇండెక్సులు రెండుంటాయి, పేర్లది ఒకటి, ఆస్తులది ఒకటి. ముత్తాతగారి పేరుతోనూ ఊరి పేరుతోనూ వెతికించండి. నకలు చేతికి రాగానే నాలుగు హద్దులు చదవండి, గట్టు పక్క రైతుల పేర్లు తెలుస్తాయి. ఒక మాట, పొద్దున్నే వెళ్లండి. రిజిస్ట్రేషన్ల రద్దీ మొదలయ్యాక పాత పుస్తకం తీసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.