307 వచ్చింది... జీఆర్‌ఈ మళ్లీ రాయనా?

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ సీఎస్‌ఈ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. సీజీపీఏ 8.3. అమెరికాలో ఎంఎస్ కోసం సెప్టెంబరు చివర్లో జీఆర్‌ఈ రాస్తే 307 వచ్చింది. క్వాంట్ (లెక్కలు) 158, వెర్బల్ (ఇంగ్లిష్) 149. ఈ పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల ఉచిత ప్రాక్టీస్ టెస్టులు రెండింటిలో క్వాంట్ 165, 166 వచ్చాయి. వెర్బల్ 148, 150. అసలు పరీక్షలో క్వాంట్ మొదటి సెక్షన్‌లో గ్రాఫు ప్రశ్నల దగ్గర ఇరుక్కుపోయి, చివరి నాలుగింటిని చూడనే లేదు. రెండో సెక్షన్ తేలిగ్గానే అనిపించింది. ఎనిమిది యూనివర్సిటీలు ఎంచుకున్నాను, మొదటి గడువు డిసెంబరు 15. నా ఫ్రెండ్‌కి 322 వచ్చింది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ‘ఈసారి ఇంటి నుంచి రాయండి, సపోర్ట్ మేం ఇస్తాం’ అంటున్నారు. నాన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తారు. ‘డబ్బు సంగతి నేను చూసుకుంటా, రాయమ్మా’ అంటున్నారు. మళ్లీ అంత ఫీజు కట్టించడానికి నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: రాయమ్మా. కానీ ఒక్కసారే, అదీ క్వాంట్ కోసం.

ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పిన రోజుల నుంచీ పిల్లలు నన్ను ఇదే అడుగుతున్నారు. చాలామంది మొత్తం స్కోరు ఒక్కటే చెబుతారు. దాన్నిబట్టి నేనేమీ చెప్పలేను. నువ్వు ప్రాక్టీస్ మార్కులు కూడా విడివిడిగా రాశావు కాబట్టి సంగతి తెలుస్తోంది. వెర్బల్‌లో నీకు ఎంత రావాలో అంతే వచ్చింది. క్వాంట్‌లో మాత్రం ఏడెనిమిది మార్కులు పోయాయి, ఎక్కడ పోయాయో కూడా నీకు తెలుసు. అలా కారణం తెలిసినప్పుడే మళ్లీ రాయడంలో అర్థముంది. ప్రాక్టీస్‌లోనూ 158 వస్తూ ఉంటే వద్దనేదాన్ని.

రెండో సెక్షన్ తేలిగ్గా ఉందన్నావు చూడు, దెబ్బ తగిలింది అక్కడే. మొదటి సెక్షన్‌లో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. తేలికైన సెక్షన్ వస్తే అన్నీ సరిగ్గా పెట్టినా స్కోరు ఒక స్థాయి దాటదు. అంటే ఆ నాలుగు ప్రశ్నలకు పోయినవి నాలుగు మార్కులే కావు.

మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా లేవు. ఒక ప్రశ్న రెండు నిమిషాలు దాటితే ఏదో ఒక జవాబు పెట్టి, మార్క్ చేసి ముందుకు వెళ్లిపో. అదే సెక్షన్‌లో టైమ్ ఉన్నంతవరకు వెనక్కి రావచ్చు. మన ఎంసెట్‌లాగే దీనికీ నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలకు.

మనవాళ్లు తరచూ పడే గుంత ఇంకొకటి చెబుతాను. x సున్నా కంటే పెద్దది, x వర్గం పెద్దదా, x పెద్దదా అని అడుగుతారు. మనవాళ్లు 2, 3 వేసి చూసి ‘వర్గమే పెద్దది’ అని పెట్టేస్తారు. అర వేసి చూడు, వర్గం పావు అవుతుంది. 1 వేస్తే రెండూ సమానం. కాబట్టి జవాబు ‘ఇచ్చిన సమాచారంతో చెప్పలేం’. సున్నా, 1, భిన్నం, రుణ సంఖ్య: ప్రశ్న ఒప్పుకున్నవన్నీ వేసి చూడకుండా ఈ రకం ప్రశ్నలకు జవాబు పెట్టొద్దు.

వెర్బల్ కోసం వేల పదాల లిస్టు ముందేసుకోకు. ఈ కొద్ది వారాల్లో దానివల్ల ఒరిగేది తక్కువ. వెర్బల్‌లో సగం దాకా పాసేజీలు చదివి జవాబు చెప్పేవే. రోజూ రెండు పాసేజీలు చాలు.

ఫీజు కట్టేముందు ఒక పని చెయ్యి. ఎనిమిది యూనివర్సిటీల డిపార్ట్‌మెంట్ పేజీలు నువ్వే తెరిచి చదువు. 2020 తర్వాత చాలా చోట్ల జీఆర్‌ఈ తప్పనిసరి కాదు, కొన్ని చోట్ల పంపినా చూడరు. స్కోరు చూసేవి నీ లిస్టులో ఒకటీ రెండే ఉంటే, 20 వేలు దాటే ఆ ఫీజు నాన్న దగ్గరే ఉండనీ, ఉన్న స్కోరుతో వెళ్లు. మూడు నాలుగు ఉంటే మొహమాటపడకుండా అడుగు. పాత 307 గురించి బెంగ వద్దు. ఏ తేదీన రాసిన స్కోరు పంపాలో నువ్వే ఎంచుకోవచ్చు.

కన్సల్టెన్సీ మాట మాత్రం అస్సలు వినొద్దు. ఇంటి నుంచి రాయడం తప్పేమీ కాదు, ఈటీఎస్ అనుమతించిందే. వాళ్లు ‘సపోర్ట్’ అంటున్నదే తప్పు. కెమెరాలో గది మొత్తం చూపించాలి, పరీక్ష అయ్యేదాకా ఒకరు గమనిస్తూనే ఉంటారు. మోసం ఉందని తేలితే స్కోరు వచ్చాక కూడా రద్దు చేస్తారు. 165 తెచ్చుకునే సత్తా ఉన్నదానివి, ఆ వాకిలి తొక్కకు. నాన్నకు కూడా ఈ మాట స్పష్టంగా చెప్పు.

322 వచ్చిన అమ్మాయి ఎక్కడ అప్లై చేస్తుందో, ఏం చదవాలనుకుంటుందో మనకు అనవసరం.

ఇక తేదీలు. ఒకసారి రాశాక 21 రోజులు ఆగాలి, నీకు అవి అయిపోయినట్టే. నవంబరు రెండో వారంలో స్లాట్ చూసుకో. స్కోరు రావడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది, యూనివర్సిటీకి చేరడానికీ కొంత వ్యవధి ఉండాలి. ఈలోగా ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకు కావాలో నువ్వు రాసిచ్చే వ్యాసం) ఆపకు, రికమండేషన్ లెటర్ల కోసం మీ సార్లను ఈ వారమే కలువు. 12 నెలల్లో ఐదుసార్లు రాయనిస్తారని మూడోసారికి సిద్ధపడొద్దు. నవంబరులో 165 రాక 161 దగ్గరే ఆగినా సరే, రెండింటిలో మెరుగైనదాన్ని పెట్టి డిసెంబరు 15 లోపు అప్లికేషన్ పంపెయ్యి.