మొలకలొచ్చి వారంలో పడిపోయాయా? గింజలతో మిద్దె తోట నేను ఎలా మొదలుపెట్టానంటే

మీరు అడిగింది, ఏప్రిల్లో ఇరవై రకాల గింజలు తెప్పించి ట్రేల్లో ఒకేసారి వేశాం, మొలకలు బాగానే వచ్చాయి, వారం తిరక్కుండా అన్నీ వాలిపోయాయి, గింజలు మంచివి కావా, ఇప్పుడు మే నెలాఖరులో మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి అని కదా. గింజల తప్పు కాదండి. మొలిచాయంటే గింజ తన పని తను చేసేసినట్టే, ఆ తర్వాత పోయింది తడి వల్ల, ఇంకా టైమ్ వల్ల.

నాకూ మొదటి ఏడాది అచ్చం ఇలాగే అయింది. మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు, పై పోర్షన్‌లో అద్దెకుంటాం, ఓనరు ఆంటీని బతిమాలి మిద్దె మీద ఒక మూల అడిగి తీసుకున్నా. టమాటా నారు ఎంత ముద్దుగా వచ్చిందో చెప్పలేను, ఆరో రోజు పొద్దున పైకెళ్ళి చూస్తే సగం పడుకుని ఉన్నాయి. వంగి దగ్గరగా చూస్తే ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కాండం మాత్రం మట్టిని ఆనుకున్న చోట దారప్పోగులా సన్నబడి గోధుమరంగుకి తిరిగింది, వేలితో ముట్టుకుంటే అక్కడికక్కడే తెగింది. ఎండకి వాడాయనుకుని ఇంకో రెండు మగ్గులు పోశా, తెల్లారేసరికి మిగతావి కూడా పోయాయి. దీన్ని నారుకుళ్ళు తెగులు అంటారు, మట్టిలో ఉండే శిలీంధ్రాల వల్ల వస్తుంది, తడి ఆరకుండా ఉండి మొలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని గాలాడకపోతే ట్రే మొత్తం పాకేస్తుంది. సిద్దిపేట నుంచి వచ్చిన మా అత్తమ్మ చూసి ఒకటే మాట అన్నారు, "గంత తడి ఎందుకు బిడ్డా, నారుకు దూపైతేనే నీళ్ళు పోయాలె." అప్పట్నుంచి పైమట్టి పొడిబారి రంగు మారితే తప్ప మగ్గు ముట్టుకోను.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. టమాటా, వంకాయ, మిర్చి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఇవే నారు పోస్తా, మిగతావన్నీ నేరుగా కుండీలోనే. అడుగున బెజ్జం పెట్టిన పేపర్ టీ కప్పులు తీసుకుని, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు వంతులు, జల్లించిన వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు) ఒక వంతు కలిపి నింపి, కప్పుకి రెండే గింజలు. లోతు ఎంత అని చాలామంది అడుగుతారు, గింజ ఎంత లావుందో దానికి రెండింతలు మట్టి కప్పితే చాలు. టమాటా వారంలో వస్తుంది, మిర్చికి మాత్రం పది పన్నెండు రోజులు ఓపిక పట్టాలి, మధ్యలో గిల్లి చూడొద్దు. నీళ్ళు పైనుంచి కాదు, పళ్ళెంలో కాసిని పోసి కప్పులు అందులో పెడితే కింద నుంచి పీల్చుకుంటాయి, పావుగంటకి తీసేయాలి. మొలక కనపడ్డ రోజే కప్పుల్ని వెలుతురులోకి మార్చాలి, ఇంట్లో కిటికీ దగ్గర ఉంచితే సాగి సాగి నిలబడలేక పడిపోతాయి. టమాటా 25 రోజులకి, మిర్చి 35-40 రోజులకి పెద్ద కుండీలోకి.

ప్యాకెట్ వెనక మొలకశాతం రాసుంటుంది, చూడండి. విత్తన ప్రమాణాల ప్రకారం టమాటాకి కనీసం 70, మిర్చికి 60, బెండకి 65 ఉండాలి, అంటే పది వేస్తే ఆరేడు వచ్చినా అది మంచి ప్యాకెట్టే. గింజలకి గులాబీ రంగో నీలం రంగో పూసుంటే అది మందు, పిల్లల చేతికి ఇవ్వకండి. ఎఫ్1 (హైబ్రిడ్) అని రాసుంటే ఆ కాయల గింజలు దాచి మళ్ళీ వేస్తే అదే రకం రాదు, గింజ దాచుకోవాలని ఉంటే నాటు రకాలు తీసుకోండి. మీ దగ్గర మిగిలినవి పారేయొద్దు, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

ఇక టైమ్ సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మీరు ఇప్పుడు ఉన్నది అందులోనే. ఈ ఎండల్లో టమాటా మొక్క ఎలాగోలా బతికినా 35 డిగ్రీలు దాటితే పూత నిలవదు, రాలిపోతుంది. అందుకే ఇంకో పది రోజులు గింజ ముట్టుకోకండి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, ఆ రోజు మా ఇంట్లో కింద చేపల పులుసు, పైన బెండ గింజలు, ఏటా ఇంతే. మృగశిర నుంచి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, ఆనపకాయ, పుంటికూర (గోంగూర), తోటకూర అన్నీ వేసుకోవచ్చు, వంకాయ, మిర్చి నారు పోసుకోవచ్చు. టమాటా నారు ఆగస్టు చివర్లో పోయండి, క్యాబేజీ, కాలీఫ్లవర్ సెప్టెంబర్‌లో. ముల్లంగి, క్యారెట్, పాలకూర, మెంతి, కొత్తిమీర చల్లబడ్డాక. తీగ చిక్కుడు జూన్‌లో పెట్టినా బతుకమ్మ పండగ దాకా ఆకులే కనిపిస్తాయి, పగటి పొద్దు తగ్గితేనే దానికి పూత, కాయట్లేదని పీకేయొద్దు, నేను ఒకసారి పీకేసి బాధపడ్డాను.

ఎండ ఎక్కడ పడుతుందో చూసుకున్నాకే కుండీలు పెట్టండి, ఇది ఎవరూ చెప్పరు. మన హైదరాబాద్‌లో మే 9, మళ్ళీ ఆగస్టు 3 ఆ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మన నీడ మన కాళ్ళ కిందే ఉంటుంది. డిసెంబర్‌కి బాగా దక్షిణానికి వాలిపోతాడు, పట్టపగలు పన్నెండింటికి కూడా గోడ ఎంత ఎత్తుంటే ఇంచుమించు అంత నీడ ఉత్తరం వైపు పడుతుంది. మాకు దక్షిణాన పక్కింటివాళ్ళు ఇంకో అంతస్తు వేశారు, జూన్‌లో బ్రహ్మాండంగా ఎండ ఉన్న నా మూల డిసెంబర్‌కి మొత్తం నీడ, ఆ ఏడాది టమాటా ఆకులు తప్ప కాయ చూడలేదు. కుండీలు ఉత్తరం గోడ పక్కకి మార్చాక గానీ బాగుపడలేదు.

మట్టికి ఎర్రమట్టి, కోకోపీట్, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి కుండీకి రెండు గుప్పెళ్ళు వేపపిండి. పచ్చి పేడ వద్దు, వేడికి వేర్లు మాడతాయి, వేరుపురుగు కూడా వస్తుంది. కోకోపీట్ నానబెట్టాక రెండుసార్లు కడిగి పిండండి, ఉప్పు పోతుంది. పదిహేను అంగుళాల గ్రో బ్యాగ్ (మొక్కలు పెట్టే సంచి) ఉత్త ఎర్రమట్టితో నింపితే తడిశాక 50-60 కిలోలు ఉంటుంది, అందుకే స్లాబ్ మధ్యలో కాకుండా గోడల వెంట, బీములున్న చోట, కింద ఇటుకలు పెట్టి. నీళ్ళు నిలవకుండా కారిపోతుంటే ఓనరుకీ భయం ఉండదు, మా ఆంటీ ఇప్పుడు తనకీ రెండు బ్యాగులు పెట్టించుకుంది.

మొదటిసారికి బెండ పెట్టండి, నా మాట వినండి. రాత్రి స్టీలు గ్లాసులో పదిహేను గింజలు నానేస్తే పొద్దునకి ఉబ్బి నల్లగా మెరుస్తుంటాయి, బ్యాగ్‌కి మూడు చొప్పున గుచ్చి పెడితే నాలుగైదు రోజుల్లో మొలక మెడ వంచుకుని పైకొస్తుంది, దాన్ని చూడటానికి పొద్దున్నే టీ కూడా తాగకుండా పైకెళ్తాను నేను. బ్యాగ్‌కి గట్టిగా ఉన్న ఒక్కదాన్నే ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించేయాలి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. 45-50 రోజులకి కోత మొదలు. ఆకు ఈనెలు పసుపెక్కితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు, ఆ మొక్క వెంటనే తీసేసి మిగతావాటికి సాయంత్రం పూట లీటరుకి 5 ఎంఎల్ వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి ఆకుల అడుగున కొట్టండి.

ఆనపకాయ పెడితే పిందెలు పండి రాలిపోతున్నాయని కంగారు పడతారు. దాని తెల్ల పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, మన మిద్దెల మీదికి ఆ టైమ్‌లో పురుగులు రావు. మగపువ్వు తెంపి, కింద బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మీరే అద్దాలి, మూడు రోజుల్లో పిందె కిందికి వంగి లావెక్కుతుంది.

పావురాల గురించి మర్చిపోయా, మొలకలు మొదటి పది రోజులు నెట్ కింద ఉంచకపోతే ఒక్కటి మిగలదు.

ఒక్కో రకం అంతా ఒకేసారి వేయకండి, పాలకూర, తోటకూర లాంటివి పదిహేను రోజులకో బ్యాగ్ వేస్తే ఇంట్లో కూర తెగదు. ఇప్పటికైతే గింజలు డబ్బాలో పెట్టి, ఈ పది రోజుల్లో మట్టి కలిపి బ్యాగులు నింపి రోజూ కాస్త తడుపుతూ ఉంచండి. ఆగస్టులో టమాటా నారు పోసే ముందు ఒక మెసేజ్ పెట్టండి, నా దగ్గర నాటు టమాటా గింజలు దాచినవి ఉన్నాయి, ఉప్పల్ వైపు వస్తే ఇస్తాను.