కోటిపల్లికి రెండు బోగీలు చాలు

పోయిన నెల ఈ శీర్షికలో మాటల మధ్యలో ‘ఇంట్లో గోడ వారన చిన్న బ్రాంచ్ లైను కట్టుకోవచ్చు, పెద్ద హాలు ఏమీ అక్కర్లేదు’ అని ఒక్క ముక్క అన్నాను. అంతే, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. అందుకని ఈసారి కుట్టు మిషన్ రిపేర్లూ, పాత రేడియోలూ పక్కన పెట్టి మొత్తం మోడల్ రైల్వేకే, అంటే నిజం రైళ్ళని కొలత ప్రకారం చిన్నవి చేసి ఇంట్లో నడుపుకోవడానికే, ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను, మాది కాకినాడ. హాల్లో గోడ పక్కన 8 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చోటు మా ఆవిడ శాంక్షన్ చేసింది, అంగుళం ఎక్కువైనా ఒప్పుకోనంది. హెచ్‌ఓ స్కేలులో కోటిపల్లి స్టేషన్ కట్టాలని కోరిక. ఒక డీజిల్ ఇంజను, మూడు ఐసీఎఫ్ బోగీలు, గోదారి గట్టు, కొబ్బరి చెట్లు. ప్లాను ఎలా గీయమంటారు?

జవాబు: మాస్టారూ, మంచి లైను ఎంచుకున్నారు. 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేసి, 2004లో మళ్ళీ వేసిన లైను అది. కాకినాడ నుంచి 45 కిలోమీటర్లు పోయి గోదారి ముందు ఆగిపోతుంది. ‘లైను ఇక్కడితో ఎందుకు అయిపోయింది’ అని మీ బోర్డు చూసినవాళ్ళు ఎవరూ అడగరు, ఎదురుగా నది ఉంటుంది కదా.

ప్లాను గీయడం తర్వాత. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు, ముందు పట్టాలు గీసి తర్వాత రైలు కొంటారు. మీరు ముందు రైలు పొడవు తేల్చుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే వస్తుంది. హెచ్‌ఓ అంటే 87వ వంతు. ఐసీఎఫ్ బోగీ బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, అంటే మీ బోర్డు మీద 25.6 సెంటీమీటర్లు. ఆల్కో డీజిల్ 17 మీటర్ల చిల్లర, అంటే 20 సెంటీమీటర్లు. మూడు బోగీలకి 77 అయింది. ఇక చివరి స్టేషన్లో ఇంజను బోగీల్ని వదిలేసి, పక్క లూపులోంచి చుట్టూ తిరిగి, రెండో కొసకి వచ్చి తగులుకోవాలి. దానికి రెండు పాయింట్లు, అంటే ఒక లైను రెండుగా చీలే పట్టా ముక్కలు, కావాలి. పీకో కంపెనీ మీడియం పాయింటు ఒక్కోటి 22 సెంటీమీటర్లు, రెండింటికి 44. పాయింటు అయిపోయిన వెంటనే బోగీ నిలబెడితే పక్క లైన్లో ఇంజను దానికి రాసుకుంటుంది, అందుకని అటు 12, ఇటు 12 వదలాలి. ప్లాట్‌ఫాం చివర ఇంజను వెళ్ళి నిలబడే ముక్కకి 22. కూడండి, 167.

ఇంకా అయిపోలేదు. స్టేషన్ నుంచి బయల్దేరిన రైలు ఎక్కడికి పోవాలి? ఒక తెర వెనక్కి. దీన్ని ఫిడిల్ యార్డ్ అంటారు, సురభి నాటకంలో పాత్ర వెళ్ళి వేషం మార్చుకునే చోటు లాంటిదే. మీ లైన్లో ద్రాక్షారామం, రామచంద్రపురం, కాకినాడ అన్నీ ఆ తెర వెనకే ఉన్నాయనుకోవాలి. దానికి ఇంజనుతో కలిపి రైలంత పొడవు, కాస్త వదులు, అంటే మరో మీటరు. మొత్తం 267. మీకు శాంక్షన్ అయింది 244. అంగుళం అడిగితేనే ఒప్పుకోనివారిని 23 సెంటీమీటర్లు అడిగే ధైర్యం మీకు ఉందో లేదో నాకు తెలీదు.

ఒక బోగీ తీసేయండి. అదే లెక్క మళ్ళీ వేస్తే స్టేషన్‌కి 141, తెర వెనక 74, మొత్తం 215. ఇంకా 29 సెంటీమీటర్లు మిగులుతాయి, అవే మీ గోదారి గట్టు. పాయింట్లు చిన్నవి వాడితే మూడో బోగీ పట్టించొచ్చని ఎవరైనా చెప్తారు. నన్నడిగితే వద్దు. పీకో చిన్న పాయింటు వంపు 61 సెంటీమీటర్ల రేడియస్, పొడుగు బోగీలు దాని మీద మెలికలు తిరుగుతూ, పక్కపక్క బోగీల మూలలు తలో దిక్కు చూస్తుంటే ఆ అందం కాస్తా పోతుంది.

ఇంకో చిట్కా. ఆ లైను మీద ఒంటి పెట్టె రైల్‌బస్ నడిచింది, మీరు ఎక్కే ఉంటారు. ఒంటి పెట్టెకి ఇంజను తిప్పుకునే బాధే లేదు, మోడల్లో వచ్చినదారినే వెనక్కి పోతుంది. మామూలు రోజుల్లో రైల్‌బస్ నడపండి, శివరాత్రికి రెండు బోగీల స్పెషల్ వేయండి. టైంటేబుల్ రాసి గోడకి అంటించండి కూడా, గుండ్రంగా తిరిగే రైలు పది నిమిషాల్లో విసుగొస్తుంది గానీ టైంటేబుల్ ప్రకారం నడిపే రైలు రాదు. కాకపోతే రైల్‌బస్ మోడల్‌కి నాలుగే చక్రాలు ఉంటే పాయింటు మధ్యలో పట్టాలు కలిసే చోట, మోడల్ వాళ్ళు ఫ్రాగ్ అంటారే అక్కడ, ప్లాస్టిక్ ముక్క ఉన్న రకం కొనకండి. కరెంటు అందక ఆగిపోతుంది, ప్రతిసారీ వేలితో తొయ్యాలి. లోహపు ఫ్రాగ్ ఉన్నది కొని దానికి స్విచ్‌తో విడిగా వైరు ఇవ్వండి.

కొబ్బరి చెట్లు మాత్రం ఎత్తుగా పెట్టండి. 20 మీటర్ల చెట్టు హెచ్‌ఓలో 23 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు. అందరూ భయపడి నాలుగంగుళాలవి పెడతారు, తోట కాస్తా క్రోటన్ మొక్కల్లా కనిపిస్తుంది. బైండింగ్ వైరు పురి పెట్టి మాను చేయండి, ఆకులకి రంగు కాగితం కత్తెరతో పళ్ళు పళ్ళుగా కత్తిరించండి. ఒక గుత్తి చెట్లు సరిగ్గా రైలు తెర వెనక్కి పోయే చోట నాటితే తెరలో కన్నం కనపడదు. ఇంగ్లీషు వాళ్ళు ఆ చోట రోడ్డు బ్రిడ్జి కడతారు, మనకి కొబ్బరి తోటో రైసు మిల్లో చాలు.

ప్రశ్న: బందరు నుంచి రాస్తున్నా. ఎండల్లో కట్టిన బోర్డు వానాకాలానికి అప్పడంలా వంకర పోయింది. మళ్ళీ కట్టాలా?

జవాబు: ఎండీఎఫ్, అదే చెక్క పొట్టు అదిమి చేసే బోర్డు, వాడారు కదూ? నేనూ వాడాను, మొదటిసారి. షాపాయన ‘నున్నగా ఉంటుంది సార్, బొమ్మల పనికి ఇదే బెస్టు’ అన్నాడు, నున్నగానే ఉంది, ఆగస్టుకల్లా అంచులు ఉబ్బి రైలు ఘాట్ ఎక్కినట్టు ఎక్కేది. సముద్రం దగ్గరి ఊళ్ళకి 710 రకం ప్లైవుడ్ తీసుకోండి, 12 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. కింద చెక్క ఫ్రేము, అడుక్కో అడ్డ కర్ర. ముఖ్యమైన సంగతి, ప్రైమరు పైన ఒక్కటే పూస్తే లాభం లేదు, అడుగునా అంచులకీ కూడా పూయాలి. ఒక వైపు తేమ పీల్చి రెండో వైపు పీల్చకపోతేనే చెక్క వంగుతుంది. పట్టాలు జాగ్రత్తగా ఊడదీసి దాచుకోండి, బోర్డు మాత్రం మళ్ళీ కట్టక తప్పదు. పట్టాలు కూడా నికెల్ సిల్వర్‌వే కొనండి, ఉక్కువి మీ ఊళ్ళో తుప్పు పడతాయి.

ప్రశ్న: మాది టెక్కలి. మా తాతగారు నౌపడ–గుణుపూర్ చిన్న రైలు లైన్లో గ్యాంగ్‌మన్. ఆయన ఫొటో పక్కన పెట్టుకోవడానికి ఆ చిన్న రైలు మోడల్ చేయాలని ఉందండీ. నేరో గేజ్ పట్టాలు ఎక్కడా దొరకవంటున్నారు. మన రైళ్ళకి హెచ్‌ఓ పట్టాలు ఎలాగూ సరిపోవని కూడా ఎవరో అన్నారు. వదిలేయమంటారా?

జవాబు: వదిలేయకండమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో లెక్క సరిగ్గా కుదిరేది మీకే! చెప్తా వినండి.

మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి, కానీ బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా వెడల్పు 16.5, ఎందుకంటే అది యూరప్, అమెరికాల్లోని 1435 గేజ్‌కి చేసింది. అందుకే కాకినాడ మాస్టారి కోటిపల్లి పట్టాలు ఎంత చేసినా కొంచెం ఇరుగ్గానే ఉంటాయి, ఎవరో అన్నది అంతవరకు నిజం. మీ లైను సంగతి వేరు. పర్లాకిమిడి లైట్ రైల్వే పేరుతో 1900లో మొదలై, 1931కి గుణుపూర్ చేరిన ఆ లైను గేజ్ అప్పట్లో రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగించండి, 8.76. బజారులో హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ స్కేలు పట్టాలు 9 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు తేడా, భూతద్దం పెట్టినా తెలీదు.

కాబట్టి ఎన్ స్కేలు పట్టాలు, ఎన్ స్కేలు ఇంజను అడుగు భాగం కొనండి, కాటో కంపెనీది గానీ టోమిక్స్ కంపెనీది గానీ చిన్నది చాలు. దాని మీద పెట్టె మీరే హెచ్‌ఓ కొలతల్లో కట్టాలి. ఫ్లెక్సీలు కొట్టే షాపులో సన్‌బోర్డు ముక్కలు పారేస్తుంటారు, మూడు మిల్లీమీటర్ల మందానిది గోడలకి, కిటికీలకి మందపాటి చార్టు. ఇంట్లో పాత ఫొటోలు ఉంటే పక్కన నిలబడ్డ మనిషిని కొలబద్దగా వాడుకోండి, ఐదున్నర అడుగుల మనిషి హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్లు. తాతగారే బండి పక్కన నిలబడి ఉన్న ఫొటో దొరికిందంటే ఇంకేం కావాలి.

ఎన్ పట్టాల్లో ఒక్క లోపం ఉంది, స్లీపర్లు దగ్గర దగ్గరగా, సన్నగా ఉంటాయి. పీకో వాళ్ళు నేరో గేజ్ కోసమే ఎడం ఎడంగా, కాస్త వంకరటింకరగా స్లీపర్లు వేసిన 9 మిల్లీమీటర్ల పట్టా అమ్ముతారు. అది దొరక్కపోతే మామూలుదే వేసి, స్లీపర్లు సగానికి సగం మట్టిలో, గడ్డిలో పూడ్చేయండి, చిన్న లైన్లు ఎలాగూ అలాగే ఉండేవి. ఇంకో లాభం, 228 మిల్లీమీటర్ల రేడియస్ వంపు కూడా చిన్న బండికి పనికొస్తుంది, అంటే రెండడుగుల వెడల్పు బోర్డు మీద గుండ్రంగా కూడా తిప్పొచ్చు.

నౌపడ జంక్షన్ కడితే మరీ బాగుంటుంది. ఒక అంచున హౌరా–చెన్నై మెయిన్ లైను ఒక్క ముక్క, దాని మీద రైలు నడపక్కర్లేదు, ఒక గూడ్సు వ్యాగన్ నిలబెడితే చాలు, దాని పక్కన మీ చిన్న రైలు ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది. వెనకాల ఉప్పు మడులు. ప్లై మీద బురద రంగు, పైన మెరిసే వార్నిష్, గట్ల వెంట తెల్ల రంగు కుప్పలు. నిజం ఉప్పు మాత్రం చల్లకండి! గాలిలో తేమ లాగి నీరు కారుతుంది, పట్టాలూ టంకాలూ తినేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్, కూకట్‌పల్లి. మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఆన్‌లైన్‌లో బ్యాటరీ రైలు సెట్ చౌకగా ఉంది, హార్న్‌బీ సెట్ చూస్తే ధర చూసి టెన్షన్ వచ్చింది. ఏది కొనాలి?

జవాబు: బ్యాటరీదే కొనండి మేడం, కానీ దాన్ని తర్వాత పెంచుకోవచ్చని అనుకోకండి, దాని పట్టాలు వేరేవాటికి కలవవు. ఆరు నెలల తర్వాత కూడా బాబు దాన్ని అటకెక్కించకుండా, సోఫా కింద స్టేషనూ పుస్తకాలతో వంతెనా కడుతుంటే అప్పుడు 12 వోల్టుల సెట్ గురించి ఆలోచిద్దాం. అప్పుడు కూడా వీలుంటే ఎన్ స్కేలు చూడండి, ఫ్లాట్‌లో మంచం కిందికి తోసేయొచ్చు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉద్యోగం, అద్దె ఇల్లు, ఎప్పుడు మారతానో తెలీదు. ఇక్కడ సెకండ్ హ్యాండ్ సామాను చాలా ఉంది. ఏదైనా చిన్న ఇంగ్లీషు బ్రాంచ్ లైను చేద్దామని. ఆష్‌బర్టన్ పేరు అందరూ చెప్తున్నారు.

జవాబు: ఎందుకు చెప్పరు! డెవన్‌లో 1872లో తెరిచిన చిన్న టెర్మినస్, 1958లో ప్యాసింజర్లు ఆగిపోయాయి, రైలు మొత్తం కప్పు కింద నిలబడే ముచ్చటైన స్టేషన్. అందుకే దాన్ని ఎంతమంది కట్టారో లెక్కలేదు. మీ పరిస్థితికి నేనైతే అది చెప్పను. ఇల్లు మారేటప్పుడు కారు వెనక సీటులో పట్టాలి కదా, ఇంగిల్‌నుక్ కట్టండి. అలన్ రైట్ అనే ఆయన ప్లాను. రెండే పాయింట్లు, మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలబెట్టే పక్క లైన్లు. ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి, ఇంజను ముందుకీ వెనక్కీ ఆడే ముక్కలో ఇంజనుతో పాటు మూడు. ఎనిమిది వ్యాగన్లు ఉంచి, చీట్లు తీసి, వచ్చిన వరుసలోనే ఐదింటిని ఒక రైలుగా కూర్చాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కదా? వరుసలు 6,720 ఉన్నాయి, రోజుకొకటి చేసినా 18 ఏళ్ళు పడుతుంది.

అక్కడి ఓఓ స్కేలు చిన్న వ్యాగన్ కప్లింగుతో కలిపి 8 సెంటీమీటర్లనుకుంటే మొత్తం మీటరులోపే సరిపోతుంది, నాలుగడుగుల బోర్డు అంటే దర్జాగా ఉంటుంది. అన్నట్టు ఓఓ కూడా తప్పుడు లెక్కే. బండి 76వ వంతు, పట్టా మాత్రం అదే 16.5, ఉండాల్సింది 18.83. తరాల తరబడి ఇరుకు పట్టాల మీదే నడుపుకుంటున్నారు వాళ్ళు, కాబట్టి మన కాకినాడ మాస్టారు బ్రాడ్ గేజ్ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: గుంటూరు. చిన్న లైనుకి డిజిటల్ కంట్రోల్ అవసరమా? పట్టాల కింద కంకరకి ఏం వాడాలి?

జవాబు: ఒకసారికి ఒక్క ఇంజనే నడిస్తే అక్కర్లేదు, మామూలు 12 వోల్టుల కంట్రోలర్ చాలు. ఆ డబ్బుతో సన్న వైరు కొని, పట్టాల ప్రతి ముక్కకీ అడుగునుంచి విడిగా కనెక్షన్ ఇవ్వండి, జాయింట్ల మీద ఆధారపడితే ఏడాదికల్లా ఇంజను నత్తి నత్తిగా నడుస్తుంది.

కంకరకి మీ ఊరి క్రషర్ డస్టే బంగారం. టీ జల్లెడలో పట్టి మరీ మెత్తటి పొడి పారేయండి, పట్టాల మధ్య బ్రష్‌తో సర్దండి, ఫెవికాల్లో అంతే నీళ్ళు పోసి, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సిరంజితో వదలండి. రాత్రంతా ఆరనివ్వండి. పోసేముందు మాత్రం ఆ పొడి మీద ఒకసారి అయస్కాంతం తిప్పండి, పాత స్పీకర్లోది చాలు. దానికి అంటుకొచ్చే నల్ల రజను చూస్తే మీకే తెలుస్తుంది, అలా తీయకపోతే అదంతా ఇంజను మోటారులోకి చేరేది.