ఏడాదిన్నర పిల్లాడిని ఇండోర్ ప్లే ఏరియాకు తీసుకువెళ్లవచ్చా?

ఎండలకు పిల్లాడిని బయటికి తీసుకువెళ్లలేకపోతున్నామని, మాల్‌లోని ప్లే ఏరియా ఏడాదిన్నర వయసుకు తగునా అని అడిగారు. తగుతుంది. మా అమ్మాయికి నడక కుదురుకున్నప్పటి నుంచి హైదరాబాద్‌లో మేమూ వెళ్తున్నాం. మే నెలలో పొద్దెక్కాక పార్కులో జారుడుబల్ల రేకు మీద చెయ్యి కూడా పెట్టలేం. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు అందులో సగభాగం సోఫా ఎక్కి దూకడంతోనే సరిపోతుంది.

ఏ ప్లే ఏరియా అన్నదానికన్నా ఏ వేళ అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. శని, ఆదివారాల సాయంత్రం అక్కడ పుట్టినరోజు పార్టీలు జరుగుతుంటాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఒకరినొకరు తరుముకుంటూ వస్తారు, మోకాళ్ల ఎత్తున ఉన్న మీవాడు వాళ్లకు కనబడడు. పైగా చెవులు పగిలే పాటలు. పనిరోజుల్లో ఉదయం, తలుపులు తెరిచిన వెంటనే వెళ్లండి. చాలాచోట్ల గంట లెక్కన తీసుకుంటారు. రెండు గంటలకైతే చవక అని కౌంటర్‌లో ఊరిస్తారు గానీ ఈ వయసుకు ఒక గంట ఎక్కువే. మొదట్లో మీ కాలు వదలకుండా చుట్టూ చూస్తూ నిలబడినా నిలబడనివ్వండి. టికెట్ డబ్బు గిట్టాలని బంతుల్లోకి దింపేస్తే ఆ రోజంతా ఏడుపే.

బయలుదేరే ముందు ఒంటి మీద ఉన్నవన్నీ తీసేయండి. మెడలో గొలుసు, తాయెత్తు, చేతికి దిష్టిపూసలు, కాళ్లకు పట్టీలు. ఎక్కే వలల్లో పట్టీ కొక్కెం చిక్కుకుంటుంది, తెగిన పూస నోట్లోకి పోతుంది, మెడలోని తాడు దేనికైనా తగులుకుంటే ఊపిరికే ప్రమాదం. దిష్టిపూసలు తీస్తానంటే మా అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి పాదం అడుగున కాటుక చుక్క పెట్టి, పూసలు ఆవిడ పర్సులోనే భద్రపరిచేలా రాజీ కుదిరింది. అడుగున జారకుండా పట్టు ఉండే సాక్సులు చాలాచోట్ల తప్పనిసరి, కొన్నవి దాచుకుంటే మళ్లీ పనికొస్తాయి.

జారుడుబల్ల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. పిల్లాడు భయపడుతున్నాడని ఒడిలో కూర్చోబెట్టుకుని పెద్దవాళ్లు జారుతుంటారు. అదే భద్రమని అందరూ అనుకుంటారు, నిజానికి అదే ప్రమాదం. ఒంటరిగా జారే పిల్లాడి కాలు అంచుకు తగిలితే వాడు అక్కడే ఆగిపోతాడు. ఒడిలో ఉంటే మాత్రం చిక్కుకున్న ఆ చిన్న కాలి మీద మీ బరువు, వేగం కలిసి పడతాయి, మోకాలి కింద ఎముక విరుగుతుంది. 2002 నుంచి 2015 వరకు అమెరికాలో జారుడుబల్లల మీద సుమారు మూడున్నర లక్షల మంది ఆరేళ్లలోపు పిల్లలు గాయపడ్డారని 2017లో అక్కడి పిల్లల వైద్యుల సదస్సులో ఒక అధ్యయనం చెప్పింది. అందులో ఎక్కువగా దెబ్బతిన్నది ఏడాది నుంచి రెండేళ్ల మధ్య వాళ్లే. అందుకని పొట్టి బల్ల ఎంచుకుని, వాడిని ఒక్కడినే కూర్చోబెట్టి, పక్కన నిలబడి చెయ్యి పట్టుకోండి. అది కూడా వాడికి భయంగా ఉంటే మరో నెల ఆగండి. ఎగిరి గెంతే ట్రాంపొలీన్ సంగతికొస్తే, ఆరేళ్లు నిండేదాకా వద్దనే ఎముకల వైద్యులు చెబుతారు.

బంతుల తొట్టి మా అమ్మాయికి ప్రాణం, నాకు మాత్రం అనుమానం. ఎన్ని నోళ్లు చప్పరించిన బంతులో! అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకే వస్తుంది, ఇలాంటి చోట్ల సులభంగా అంటుకుంటుంది. ఆ వైరస్‌ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. ఆట అయిపోగానే, బిస్కెట్ చేతికిచ్చే ముందు, సబ్బుతో చేతులు కడగండి. లక్షణాలు సాధారణంగా మూడు నుంచి ఆరు రోజుల్లో బయటపడతాయి కాబట్టి వచ్చాక ఆ వారం కాస్త గమనిస్తూ ఉండండి. మీవాడికే జ్వరమో పొక్కులో ఉన్నప్పుడు మాత్రం, టికెట్ ముందే కొన్నా సరే, దయచేసి తీసుకురాకండి.