నొసలు నొస్తే అంతా సైనస్ కాదు

మిర్యాలగూడ రైస్ మిల్లులో పని, రెండు నెలలుగా వారానికి రెండుసార్లు నొసలు, కళ్ల వెనక నొప్పి, మందుల షాపులో సైనస్ అని ఇచ్చిన ముక్కు చుక్కలు రోజూ వేసుకుంటున్నా ముక్కు మూసుకుపోతూనే ఉందని రాశారు. ఇక్కడ రెండు సమస్యలు కలిసిపోయినట్టున్నాయి.

నొప్పి వచ్చిపోతున్నదంటే ముందు మైగ్రేన్‌ను అనుమానించాలి. వెలుతురు, చప్పుడు పడకపోవడం, కడుపులో తిప్పడం, నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండి తగ్గిపోవడం దాని గుర్తులు. మైగ్రేన్‌లోనూ ముక్కు, కళ్లు కారతాయి, వంగితే నొప్పి పెరుగుతుంది. అందుకే చాలామంది సైనస్ అనుకొని ఏళ్ల తరబడి తప్పు మందులు మింగుతుంటారు. సైనసైటిస్ (ముఖం ఎముకల్లో ఉండే సైనస్ అనే గాలి గదుల వాపు) అయితే చిక్కటి చీమిడి, ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం, చెంపల్లో, పై పళ్లల్లో బరువు ఉంటాయి.

చెంప లోపలి సైనస్ గదిని తూము లేని చెరువు అనుకోండి. నీళ్లు పోవడానికి పైన అలుగు ఒక్కటే. సర్దితోనో, తౌడు దుమ్ముతోనో ముక్కు పొర ఉబ్బితే ఆ చిన్న దారి మూసుకుపోయి చీమిడి నిలుస్తుంది.

ఇక చుక్కలు. ముక్కు దిబ్బడకు ఇచ్చే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు ఐదు రోజులు దాటి వాడొద్దు. దాటితే మందు ప్రభావం దిగగానే పొర ఇంకా ఉబ్బుతుంది, మళ్లీ వేసుకోబుద్ధవుతుంది. మీ దిబ్బడకు కారణం బహుశా ఇదే. ముందు ఒక ముక్కుకు ఆపండి, అది తెరుచుకున్నాక రెండోదానికి. కొన్ని రోజులు కష్టంగానే ఉంటుంది. డాక్టర్ రాసిస్తే ముక్కు పొర వాపు తగ్గించే ఫ్లుటికాసోన్ లాంటి స్ప్రే ఆ రోజుల్లో ఆదుకుంటుంది. తల కొంచెం వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కుకు, ఎడమ చేత్తో కుడి ముక్కుకు, కొనను చెవి వైపు తిప్పి కొట్టాలి. నడిమి గోడకు కొడితే రక్తం వస్తుంది. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. రోజూ వాడితే గుణం కనపడడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

ఉప్పునీళ్లతో కడుక్కోవడం మంచిది. పావు లీటరు నీళ్లకు అర టీస్పూన్ అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు తినే సోడా. మన దగ్గర ఫ్లోరైడ్ భయంతో అందరూ ప్లాంటు క్యాన్ నీళ్లే తాగుతారు, కానీ ముక్కులోకి అవి కూడా నేరుగా పోయొద్దు. కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చాలి. నోరు తెరిచి, నోటితోనే గాలి పీలుస్తూ వంగి పోసుకోండి. తర్వాత మెల్లగా చీదండి. ముక్కు మండితే ఉప్పు ఎక్కువో, తక్కువో అయిందన్నమాట.

మిల్లులో తువ్వాల కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి.

చీమిడి రంగు మారిందని యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు. పది రోజులైనా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరితేనో దాని అవసరం రావచ్చు, అదీ డాక్టర్ చూశాకే. ఒకవైపే చీమిడి, దుర్వాసన ఉంటే పై దవడ పన్ను కూడా చూపించుకోండి. కన్ను వాచినా, చూపు రెండుగా కనపడినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, షుగర్ ఉన్నవాళ్లకు ముక్కులో నల్లటి పెచ్చు కట్టినా అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలి.