అబ్సిడియన్ జాడ పట్టాలంటే కెమిస్ట్రీ వదలకూడదు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ప్రాచీన అబ్సిడియన్ పనిముట్లు ఎక్కడి రాయితో చేశారో రసాయన పరీక్షలతో తేల్చే పని చేస్తానంటోంది. అందుకని ఎం.ఏ. ఆర్కియాలజీలో చేరుతుందట. చేర్చమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోరిక మంచిదే, ఎంచుకున్న దారితోనే పేచీ. ఆ పనిలో అడుగుపెట్టనిచ్చేది ఆమె చదువుతున్న కెమిస్ట్రీయే.

సిలికా ఎక్కువున్న లావా స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా చల్లారితే అబ్సిడియన్ అనే గాజు ఏర్పడుతుంది. అందులో అతి స్వల్పంగా ఉండే రుబీడియం, స్ట్రాన్షియం, జిర్కోనియం వంటి మూలకాల పాళ్లు సాధారణంగా ఒక్కో అగ్నిపర్వతానికి ఒక్కో తీరుగా ఉంటాయి. ఆ పాళ్లను పోల్చి రాయి ఎక్కడిదో పట్టే ఈ పద్ధతిని మధ్యధరా ప్రాంతపు అబ్సిడియన్‌పై పరిశోధకులు కాన్, రెన్‌ఫ్రూ 1964లోనే ప్రయోగించారు. గ్రీసులోని ఫ్రాంక్తి గుహలో వ్యవసాయానికి ముందటి పొరల్లో దొరికిన ముక్కలు మీలోస్ దీవి నుంచి వచ్చినవని తర్వాత తేలింది. అంటే అక్కడికి వ్యవసాయం రాకముందే మనుషులు సముద్రం దాటారన్నమాట!

ఇప్పుడు ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంతో ముక్క చెక్కుచెదరకుండానే పరీక్షించవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాతే. తూర్పు తుర్కియేలోని బింగోల్, నెమ్రుత్ దాగ్ అనే అగ్నిపర్వత ప్రాంతాల అబ్సిడియన్లలో కొన్ని రకాలను విడదీయడం నిపుణులకే కష్టం. పోల్చి చూడటానికి ఆ కొండల మీది నమూనాలు లేనిదే యంత్రమిచ్చే అంకెలకు అర్థం ఉండదు. కాబట్టి కెమిస్ట్రీకి తోడు జియాలజీ, స్టాటిస్టిక్స్ తప్పవు. పురావస్తు శాస్త్రం ఆపైన నేర్చుకోవచ్చు.

ఎం.ఎస్సీ. అనలిటికల్ కెమిస్ట్రీ చేయించండి. కేవలం ఈ పనికే ఉద్యోగాలంటే మన దేశంలో బహు తక్కువ. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పడం మేలు. అయితే సిమెంటు, ఉక్కు, గనుల ప్రయోగశాలల్లోనూ ఇవే యంత్రాలు వాడతారు కాబట్టి నేర్చినది వృథా కాదు. పరిశోధనకు పుణెలోని డెక్కన్ కాలేజీ, ఐఐటీ గాంధీనగర్ చూడవచ్చు. అబ్సిడియనే కావాలని పట్టుబడితే విదేశాల్లో పీహెచ్‌డీయే మార్గం; అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు రియాక్టర్ కేంద్రానికి ఈ పరీక్షల్లో పేరుంది. ఇక్కడే ఉంటానంటే పరీక్షించడానికి ప్రాచీన గాజుపూసలున్నాయి, పాతకాలపు తెలంగాణ ఉక్కు ఉంది. నన్నడిగితే పోటీ తక్కువున్న ఈ రెండో దారే మేలు.

ముందుగా, వేసవి ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐకి (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఒక ఉత్తరం రాయమనండి. అక్కడ రాళ్లలోని మూలకాలను కొలవడం నిత్యకృత్యం. కొన్ని వారాలు ఆ పని దగ్గరగా చూశాక కూడా ఇదే కోరిక ఉంటే మీరు అడ్డు చెప్పకండి.