కొత్త కాలేజీలో బీఆర్క్ సీటు: ప్రొవిజనల్ అంటే భయపడాలా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది ప్రొద్దుటూరు. మా పాపకు బొమ్మలు గీయడమంటే ప్రాణం, ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ నాటా రాసింది, ఇప్పుడు కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో బీఆర్క్ సీటు వస్తాదంటున్నారు. ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదంట. అడిగితే ప్రొవిజనల్ అప్రూవల్ ఉంది, న్యాక్, ఎన్‌బీఏ లాంటి నాణ్యత గుర్తింపులన్నీ తర్వాత వస్తాయి అంటారు. ఐదేళ్లు ఫీజులు కట్టినాక డిగ్రీ చెల్లదంటే మేమేం చేయాల సార్? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు భయపడటం న్యాయమే, కానీ ఇందులో రెండు వేరే సంగతులు కలిసిపోయినాయి. ఎన్‌బీఏ లేకపోవడం కొత్త కాలేజీ తప్పు కాదు, ఎందుకంటే కోర్సులో కనీసం రెండు బ్యాచ్‌లు పాసై బయటికొస్తేనే వాళ్లు చూసేది, బీఆర్క్ ఏమో ఐదేళ్లు, అంటే ఇప్పుడు మొదలుపెట్టినోళ్లకు ఆరేళ్లు దాటేదాకా అది రానే రాదు. అది లేదని సీటు వదులుకోవద్దు.

గట్టిగా పట్టుకోవాల్సింది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అప్రూవల్. 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం గుర్తింపు ఉన్న డిగ్రీతో కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినోళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవాల, అది లేకుంటే యూనివర్సిటీ పట్టా చేతికొచ్చినా పాప ఆ బోర్డు పెట్టుకోలేదు. ప్రొవిజనల్ అంటే తాత్కాలికంగా ఇచ్చిన అనుమతి, ఒకరకంగా బండికి ఎల్‌ఎల్‌ఆర్ లాంటిది, కాకపోతే ఇక్కడ టెస్టు పాస్ కావాల్సింది మీ పాప కాదు, కాలేజీ. నాకు బాధనిపించేది ఇదే, కాలేజీ ఫెయిలైతే నష్టపోయేది పిల్లలు.

అందుకే నోటిమాట నమ్మొద్దు. ఈ అకడమిక్ ఇయర్‌కి కౌన్సిల్ ఇచ్చిన లెటర్ చూపించమనండి, అందులో సంవత్సరం, ఎన్ని సీట్లకు ఇచ్చారో ఉంటాయి, అవే వివరాలు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొట్టి మీరే సరిచూసుకోండి. అప్లై చేశాం, ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, రేపోమాపో వస్తుంది అంటే ఇంకా రాలేదనే లెక్క, ఆ మాట మీద డబ్బు కట్టొద్దు. పోయినేడు లెటర్ చూపించి ఈ ఏడు సీటు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు.

ఇంకోటి, ఒకరోజు పాపను తీసుకుని కాలేజీకి పోయి స్టూడియో చూడండి, ప్రతి పిల్లకీ డ్రాయింగ్ టేబుల్ ఉందా, పాఠం చెప్పేవాళ్లలో కౌన్సిల్‌లో రిజిస్టరైన ఆర్కిటెక్టులు ఎంతమంది, గండికోట, సిద్ధవటం లాంటి కోటలు పక్కనే ఉన్నాయి కదా, పిల్లల్ని తీసుకపోయి కొలతలు తీయించి గీయిస్తున్నారా అని అడగండి. అప్రూవల్ నిలబడేది కూడా ఈ స్టూడియో, టీచర్లు, లైబ్రరీ మీదే.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురం. అమెరికాలో ఎంఆర్క్‌కి అడ్మిషన్ వచ్చింది, ఆ కోర్సుకు ‘క్యాండిడసీ’ ఉందంట. అక్రెడిటేషన్ ఉన్నట్టేనా?

జవాబు: లేదు తమ్ముడూ. ఆర్కిటెక్చర్‌కి అక్కడ అక్రెడిటేషన్ ఇచ్చేది నాబ్, క్యాండిడసీ అంటే ఆ దారిలో కోర్సు నడుస్తోందని మాత్రమే, చివరికి వస్తుందని గ్యారంటీ ఏమీ కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సుకి నాబ్ డిగ్రీ అడుగుతారు కాబట్టి, మొదటి అక్రెడిటేషన్ ఎప్పటికి అనుకుంటున్నారు, అది మా బ్యాచ్‌కి వర్తిస్తుందా అని డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో, ఆ తర్వాతే లోన్‌కి పో.